ఎక్స్‌పీ మీదికి మా సాకెట్ లైబ్రరీ: నా అనుభవం

కొలతలు తీసే ఒక పరికరం, దానికి కట్టేసినట్టు ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్. పరికరం ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. దాని డ్రైవర్ మాత్రం ఎక్స్‌పీ గడప దాటదు. రోజూ ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి, రీడింగులు కాపీ చేసుకొచ్చి సర్వర్‌లోకి ఎక్కించేవాడు. “దీనికో మనిషెందుకు? నువ్వు రాసిన నెట్‌వర్క్ లైబ్రరీ ఉందిగా, దాన్నే అందులో పెట్టెయ్” అన్నారు మా టీమ్‌లో. నేనూ వెనకాముందూ చూడకుండా “రెండు రోజుల పని” అనేశాను. నెలన్నర పట్టింది.

లైబ్రరీ గురించి రెండు ముక్కలు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఈవెంట్ లూప్ అది, అంటే నెట్‌వర్క్ కనెక్షన్ల (సాకెట్ల) మీద ఏదైనా జరిగేదాకా కాచుకుని ఉండి, జరగగానే దానికి తగ్గ కోడ్‌ని పిలిచేది. లినక్స్‌లో ఈపోల్ మీద, విండోస్‌లో కంప్లీషన్ పోర్టుల మీద నడుస్తుంది; జరిగినదాని కబురు ప్రోగ్రామ్‌కి అందించే సౌకర్యాలే ఈ రెండూ. కంప్లీషన్ పోర్టులు విండోస్ ఎన్‌టీ 3.5 నాటి నుంచీ ఉన్నవే, ఎక్స్‌పీకి కొత్తేమీ కాదు. నా ధీమాకి అదే కారణం. పాత పైథానో, పాత గో భాషో పెట్టుకుంటే సరిపోదా అని కూడా ఒకరు అడిగారు. ఎక్స్‌పీ మీద నడిచిన చివరి పైథాన్ 3.4, చివరి గో 1.10. రెండింటికీ సెక్యూరిటీ ప్యాచ్‌లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఎక్స్‌పీకే 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ అయిపోయింది కదా, దాని మీద ఇంకో ముసలిదాన్ని ఎక్కించడం నాకు ఇష్టం లేకపోయింది.

మొదటి బిల్డ్ కాపీ చేసి డబుల్ క్లిక్ చేస్తే, ఇది సరైన విన్32 అప్లికేషన్ కాదంటూ ఒక డబ్బా వచ్చింది. ఫైలు పాడైందేమోనని మళ్లీ కాపీ చేశాను, ఇలాంటప్పుడు అందరూ మొదట చేసేది అదే కదా. ఫైలు శుభ్రంగానే ఉంది. ఈఎక్స్‌ఈ ఫైలు తలభాగంలో, తనను నడపాలంటే విండోస్ కనీసం ఏ వెర్షన్ అయి ఉండాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. కొత్త కంపైలర్లు (మన కోడ్‌ని ఈఎక్స్‌ఈగా మార్చేవి) మామూలుగా అక్కడ 6.0 రాస్తాయి, అంటే ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా. ఎక్స్‌పీ లోపలి నంబరు 5.1. ఎక్స్‌పీ ఆ అంకె చూసి, లోపల ఏముందో కూడా చూడకుండా గుమ్మంలోంచే పంపేస్తుంది. ఎక్స్‌పీకి బిల్డ్ చేయగల చివరి టూల్‌సెట్ (కంపైలరూ దాని సరంజామా) మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో 2017తో వచ్చింది. దాన్ని విడిగా టిక్ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకుని, నడవడానికి కావలసిన రన్‌టైమ్ కోడ్‌ని ప్రోగ్రామ్‌లోనే కలిపేసి మళ్లీ కట్టాను.

ఈసారి ఇంకో డబ్బా. ఫలానా ఫంక్షన్ ఫలానా డీఎల్ఎల్‌లో (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ఫైలులో) దొరకలేదని. అది సరిచేసి, కట్టి, కాపీ చేసి నడిపితే ఇంకో ఫంక్షన్ పేరుతో అదే డబ్బా. ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించే లోడర్ ఒక్కసారికి ఒక్క పేరే చెబుతుంది. మూడోసారికి విసుగొచ్చి, ప్రోగ్రామ్‌కి ఏ డీఎల్ఎల్‌లోంచి ఏ ఫంక్షన్లు కావాలో చూపించే డిపెండెన్సీ వాకర్ తెరిచాను. లేనివన్నీ ఎర్రగా వరసగా చూపించింది. అప్పటికి గానీ నాకు వెలగలేదు, ఏ విండోస్ కోసం కడుతున్నామో కంపైలర్‌కి చెప్పే మాక్రోని ముందే 0x0501 (అంటే 5.1, ఎక్స్‌పీ) అని పెట్టుకుని ఉంటే ఇవన్నీ కంపైలరే పట్టించేదని. పెట్టాను. 38 ఎర్రర్లు వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ 38నీ చూసి హాయిగా అనిపించింది. లేనిది లేదని చెప్పేవాడితో ఇబ్బంది ఉండదు.

చాలావాటికి ప్రత్యామ్నాయం తేలిగ్గానే దొరికింది. ఐపీ అడ్రస్‌ని అక్షరాల్లోకి మార్చే ఐనెట్ ఎన్‌టాప్ విండోస్‌లోకి విస్టాతోనే వచ్చింది. దాని బదులు విన్‌సాక్ (విండోస్ నెట్‌వర్క్ భాగం) సొంత ఫంక్షన్ ఒకటి వాడాను, కాకపోతే అది అడ్రస్ చివర పోర్టు నంబరు కూడా అంటించి ఇస్తుంది, ముందు పోర్టుని సున్నా చేసి ఇవ్వాలి. ఒకేసారి చాలా కంప్లీషన్లు తీసుకునే ఫంక్షన్ లేదు, ఒక్కొక్కటే తీసుకునే పాతది ఉంది. చాలా సాకెట్లలో ఏది సిద్ధంగా ఉందో చెప్పే డబ్ల్యూఎస్ఏపోల్ లేదు, అదే పని చేసే పాత సెలెక్ట్ ఉంది. డబ్ల్యూఎస్ఏపోల్ పోయినందుకు నాకు బాధేమీ లేదు, కనెక్షన్ ఫెయిలైన సంగతే చెప్పని జబ్బు దానికి విండోస్ 10లో 2004 అనే నంబరున్న వెర్షన్ వచ్చేదాకా ఉండేది. సెలెక్ట్‌తో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. లినక్స్‌లో ఫెయిలైన కనెక్షన్ రాయడానికి సిద్ధం అన్న సెట్‌లో కనబడుతుంది. విండోస్‌లో మూడోదైన ఎక్సెప్షన్ సెట్‌లో కనబడుతుంది. ఆ మూడో సెట్‌ని మనలో ఎంతమంది ఖాళీగా వదిలేస్తామో తెలిసిందే.

కండిషన్ వేరియబుళ్ల దగ్గర మాత్రం నాలుగు రోజులు పోయాయి. ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనివాళ్లని థ్రెడ్లంటారు; ఒక థ్రెడ్ నిద్రపోయి, ఇంకోటి లేపేదాకా ఆగడానికి వాడేవే ఇవి. విస్టాకి ముందు విండోస్‌లో అవి లేవు. విండోస్‌లోని పాత సిగ్నల్ పద్ధతి అయిన ఈవెంట్లతో నేనే రాసుకుంటా అని కూర్చున్నాను. రాశాను కూడా. టెస్టులో లక్షసార్లకి ఒకసారి, లేపమని పంపిన సిగ్నల్ ఎవరికీ అందకుండా పోయి, థ్రెడ్ నిద్రలోనే ఉండిపోయేది. సరిచేస్తే ఇంకోచోట ఒకరిని లేపబోతే ఇద్దరు లేచేవారు. నాలుగో రోజు రాత్రి అసలు ప్రశ్న వేసుకున్నాను: ఇది నాకు ఎందుకు? పనుల క్యూ కోసమే. కంప్లీషన్ పోర్టే ఒక క్యూ కదా! అందులోకి మన సొంత పని కూడా వేయొచ్చు, ఎదురుచూసే థ్రెడ్‌ని అదే లేపుతుంది. రాసిందంతా తీసేసి 20 లైన్లతో సరిపెట్టాను. ఆ మార్పు లైబ్రరీ కొత్త విండోస్ వెర్షన్‌లోకి కూడా తెచ్చుకున్నాను.

తర్వాత గడియారం. కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే గెట్‌టిక్‌కౌంట్ ఎక్స్‌పీలో 32 బిట్లదే. 49.7 రోజులకి అది మళ్లీ సున్నాకి వస్తుంది. మా కంప్యూటర్‌ని ఎవరూ ఆపరు, కరెంటు పోతే తప్ప. ఇంకా సన్నగా కాలం కొలిచే క్వెరీ పెర్ఫార్మెన్స్ కౌంటర్ వాడదామా అంటే, ఆ కాలపు కొన్ని రెండు కోర్ల ఏఎండీ ప్రాసెసర్ల మీద ఎక్స్‌పీలో అది కోర్‌కో లెక్క చెప్పేది. థ్రెడ్ ఒక కోర్ నుంచి ఇంకోదానికి మారితే కాలం వెనక్కి నడిచినట్టుండేది. అందుకని టిక్‌కౌంటే ఉంచి, దాని మీద 64 బిట్ల లెక్క ఒకటి కట్టి, అది వెనక్కి పడిన ప్రతిసారీ పై 32 బిట్లు ఒకటి పెంచే చిన్న ఫంక్షన్ రాశాను. పరీక్షించడానికి 50 రోజులు కూర్చోలేం కాబట్టి, లెక్కకి ఒక దొంగ అంకె కలిపి, ప్రోగ్రామ్ మొదలైన నిమిషానికే సున్నా దాటేట్టు చేశాను. మొదటిసారి దాటగానే టైమర్లన్నీ ఒకేసారి మోగాయి. ఒకచోట పాత 32 బిట్ల వేరియబుల్ మిగిలిపోయింది. దొంగ అంకె లేకపోతే అది ఏడు వారాల తర్వాత ఏ అర్ధరాత్రో బయటపడేది.

వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) ఎక్స్‌పీని సర్వీస్ ప్యాక్ 3 అనే అప్‌డేట్ల మూటతో పెట్టి రాత్రంతా నడిపాను. లక్షల మెసేజ్‌లు, ఒక్క తప్పు లేదు. పని అయిపోయిందని టీమ్‌లో చెప్పేశాను కూడా. అసలు కథ అక్కడి నుంచి మొదలైంది.

పరికరం దగ్గరి కంప్యూటర్‌లో పెట్టిన మర్నాడు పెన్‌డ్రైవ్ ఆయన ఫోన్ చేశాడు. “సార్, వెళ్తోంది గానీ, ఆగి ఆగి వెళ్తోంది. నేను మళ్లీ రావాలా?” లాగ్ తెప్పించుకున్నాను. 9:14:02కి కనెక్ట్ అయింది. 9:14:32కి మూసుకుంది. 9:14:33కి మళ్లీ కనెక్ట్, 9:15:03కి మళ్లీ మూత. అలా పది పదిహేనుసార్లు. ఉన్నట్టుండి ఒక కనెక్షన్ మాత్రం మూడు గంటలు నిలబడింది. తర్వాత మళ్లీ 30 సెకన్ల గోల.

30 అన్న అంకె చూసి రౌటర్ మీద పడ్డాను. ఖాళీగా ఉన్న కనెక్షన్లని తెంపేస్తోందేమోనని. కాదు. సర్వర్ మీద పడ్డాను. సర్వర్ లాగ్‌లో తెంపింది అవతలివాళ్లే అని ఉంది, అంటే మేమే. మా ప్రోగ్రామేమో తప్పు జరిగినట్టు ఒక్క లైను రాయలేదు. రెండు రోజులు అటూ ఇటూ ప్యాకెట్లు పట్టి చూశాను. మా వైపు నుంచి మర్యాదగా, పద్ధతిగా కనెక్షన్ మూసుకుంటోంది. ఎవరు మూయమన్నారు?

మూడో రోజు మా టీమ్‌లో ఒకబ్బాయి నా భుజం మీద నుంచి కోడ్ చూస్తూ అడిగాడు, “అన్నా, ఆ థ్రెడ్ పూల్‌లో కూడా 30 ఉంది కదా?” ఉంది. పూల్ అంటే పనుల కోసం సిద్ధంగా ఉంచుకునే థ్రెడ్ల గుంపు; అందులో పని లేని థ్రెడ్ 30 సెకన్లు చూసి వెళ్లిపోవాలని నేనే రాసుకున్న నియమం. దానికీ దీనికీ ఏం సంబంధం అనుకుంటూనే ఆ 30ని 45 చేసి పంపాను. గంటలో లాగ్ వచ్చింది. కనెక్షన్లు సరిగ్గా 45 సెకన్లకి తెగుతున్నాయి.

జరిగింది ఇదీ. సాకెట్ మీద డేటా వస్తే చెప్పు అని విండోస్‌ని ఒక థ్రెడ్ అడుగుతుంది. ఎక్స్‌పీలో ఆ అడగడం ఆ థ్రెడ్ ఖాతాలో ఉంటుంది. థ్రెడ్ ముగిస్తే, అది అడిగి ఇంకా పూర్తికాని పనులన్నీ విండోస్ రద్దు చేసేస్తుంది, సాకెట్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. విస్టా నుంచి ఇది మారింది: సాకెట్ కంప్లీషన్ పోర్టుకి కట్టి ఉంటే, అడిగిన థ్రెడ్ పోయినా పని బతికే ఉంటుంది. నేను ఈ లైబ్రరీ రాసిందే విస్టా తర్వాతి ప్రపంచంలో. రద్దయిన పనికి వచ్చే కోడ్ 995. కావాలని కనెక్షన్ ఆపినప్పుడు కూడా వచ్చేది అదే 995. నా కోడ్ ఆ అంకె చూడగానే “మనమే ఆపాం కాబోలు” అనుకుని, నోరెత్తకుండా సాకెట్ మూసేసింది. మూడు గంటలు నిలబడిన కనెక్షన్ సంగతీ తేలిపోయింది. పూల్‌లో ఎప్పటికీ పోని థ్రెడ్ ఒకటి ఉంటుంది, ఆసారి అడిగింది అదన్నమాట. వర్చువల్ మెషీన్‌లో నేను ఊపిరాడకుండా మెసేజ్‌లు పంపాను, ఏ థ్రెడ్‌కీ 30 సెకన్ల తీరిక దొరకలేదు. పరికరమేమో రెండు మూడు నిమిషాలకో రీడింగ్ ఇస్తుంది.

ఇక్కడ ఫంక్షన్ పేరు అదే, ఇచ్చే పారామీటర్లు అవే, డాక్యుమెంట్‌లో ఎక్స్‌పీకి ఉందనే ఉంటుంది. డిపెండెన్సీ వాకర్ దీన్ని ఎర్రగా చూపించదు. ఆ 38 ఎర్రర్లకి పట్టింది వారం. ఇలాంటి మూడింటికి పట్టింది నెల. దీనికి మందు చిన్నదే: ఎప్పటికీ చావని ఒక్క థ్రెడ్‌ని పెట్టి, సాకెట్ మీద ఏది అడగాలన్నా దాని ద్వారానే అడిగించాను. 995 వచ్చినప్పుడు ఆపమన్నది నిజంగా మనమేనా అని చూసుకునే ఫ్లాగ్ ఒకటి చేర్చాను. ఆ ఫ్లాగ్ మొదటి రోజు నుంచే ఉండాల్సింది.

రెండోది ప్లగిన్‌గా పెట్టినప్పుడు వచ్చింది. టెస్టు ప్రోగ్రామ్‌లో లైబ్రరీ నేరుగా కలిసి ఉండేది. పరికరం సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని డీఎల్ఎల్‌గా, నడుస్తూ నడుస్తూ మధ్యలో లోడ్ చేసుకుంటుంది. లోడ్ చేసిన మొదటి నిమిషంలోనే ఢమాల్. కొన్నిసార్లు క్రాష్ కూడా కాకుండా, ఆ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద అర్థంలేని అంకెలు వచ్చేవి, అది ఇంకా భయం. కారణం థ్రెడ్‌కో కాపీ ఉండే వేరియబుళ్లు, టీఎల్ఎస్ అంటారు ఈ సౌకర్యాన్ని. విస్టాకి ముందు, ప్రాసెస్ మొదలైనప్పుడు ఉన్న డీఎల్ఎల్‌లకే వాటికి చోటు కేటాయించేవారు. మధ్యలో వచ్చినవాళ్లకి చోటు ఉండదు, ఉన్నట్టు నమ్మి రాస్తే ఇంకొకరి చోట్లో రాసినట్టే. సరే, నా కోడ్‌లో అలాంటివి రెండే ఉన్నాయి, నడుస్తుండగానే చోటు అడిగి తీసుకునే పాత టీఎల్ఎస్ అలాక్ పద్ధతికి మార్చాను. మళ్లీ ఢమాల్. ఈసారి నేరం నాది కాదు. ఫంక్షన్ లోపల పెట్టే, ఒకసారే తయారై చివరిదాకా ఉండే స్టాటిక్ వేరియబుళ్లని రెండు థ్రెడ్లు ఒకేసారి మొదలుపెట్టకుండా విజువల్ స్టూడియో 2015 నుంచి కంపైలరే కాపలా కాస్తుంది. ఆ కాపలాకి లోలోపల అదే టీఎల్ఎస్ సౌకర్యం వాడుతుంది. దాన్ని ఆపే స్విచ్ ఒకటుంది, త్రెడ్‌సేఫ్‌ఇనిట్ అని. ఆపేసి, అలాంటి స్టాటిక్‌లన్నీ ఏరి ప్రోగ్రామ్ మొదట్లోనే ఒక వరసలో తయారుచేశాను.

ఈ టీఎల్ఎస్ ఒకటి, ఎన్‌క్రిప్షన్ టీఎల్ఎస్ ఇంకొకటి. పేరు ఒకటే, పడ్డ పాట్లు వేరు. ఎక్స్‌పీ సొంత ఎన్‌క్రిప్షన్ భాగమైన ఎస్‌చానెల్‌కి టీఎల్ఎస్ 1.0 దాటి రాదు. 1.0, 1.1 రెండింటినీ 2021 మార్చిలో అధికారికంగానే పక్కన పెట్టేశారు, మా సర్వర్ 1.2 కంటే తక్కువని గుమ్మం ఎక్కనివ్వదు. పైగా ఏ సైట్ పేరు కోసం వచ్చామో ముందే చెప్పే ఎస్ఎన్ఐ కూడా అందులో లేదు. కాబట్టి ఎంబెడ్ టీఎల్ఎస్ అనే విడి ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని మా లైబ్రరీలోనే కలిపేశాను. అది ర్యాండమ్ బైట్ల కోసం విస్టాతో వచ్చిన బీక్రిప్ట్‌ని అడుగుతుంది, ఎక్స్‌పీలో ఆ డీఎల్ఎల్లే లేదు. ఆ ఒక్కచోట పాత క్రిప్ట్‌జెన్‌ర్యాండమ్ పెట్టాను. “ర్యాండ్ ఫంక్షన్ పెడితే సరిపోయేదిగా” అన్నారొకరు. నవ్వుకుని ఊరుకోలేదు, గట్టిగానే చెప్పాను. అంచనా వేయగలిగిన అంకెలతో కట్టిన ఎన్‌క్రిప్షన్ తలుపుకి తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీసినట్టు.

అంతా సరిచేశాక, సర్వర్ అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ చెల్లదంది. దాన్ని నమ్మడానికి ఆధారమైన రూట్ సర్టిఫికెట్ ఎక్స్‌పీలో లేదని తెలుసు, మాది నేనే ఇచ్చాను. మరి ఎందుకు? కారణం చదివితే, సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదట. కంప్యూటర్ తేదీ చూశాను: 2002 జనవరి. మదర్‌బోర్డ్ మీది నాణెం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. రీడింగుల మీద తేదీ పరికరమే వేస్తుంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. తేదీ పరీక్షే తీసేయమని సలహాలొచ్చాయి. బ్యాటరీ మార్పించాను.

మూడోది వేగం. సెట్టింగుల ఫైలు సర్వర్ నుంచి డౌన్‌లోడ్ అవడానికి నిమిషాలు పట్టేది, లైన్ బాగానే ఉన్నా. సర్వర్ దూరం, ప్యాకెట్ వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు. 100 ఎంబీపీఎస్ కార్డు మీద ఎక్స్‌పీ ఒక విడతలో తీసుకుంటానని చెప్పేది 17,520 బైట్లే. సెకనుకి ఐదు విడతలు, అంటే 87,600 బైట్లు. లైన్ ఎంత వెడల్పున్నా అంతకుమించి రాదు. ఈ విడత కొలతని విండో అంటారు; పరిస్థితిని బట్టి దాన్ని తనే పెంచుకునే తెలివి విస్టాతో వచ్చింది. కనెక్ట్ చేయకముందే రిసీవ్ బఫర్‌ని (వచ్చే డేటా ఆగే చోటుని) 64 కేబీకి పెంచితే దాదాపు నాలుగింతలు అయింది. అంతకుపైన వెళ్లాలంటే విండో స్కేలింగ్ కోసం రిజిస్ట్రీ మార్చాలి. మాకు అంత అవసరం లేదు, ముట్టుకోలేదు.

మధ్యలో ఒక శనివారం సరదాకి విండోస్ 98 మీద కూడా పెట్టి చూశాను. పేరు చివర డబ్ల్యూ ఉన్న యూనికోడ్ ఫంక్షన్లు చాలావరకు ఉత్త బొమ్మలే అక్కడ, పిలిస్తే 120 అన్న ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటాయి, అంటే ఇంకా రాయలేదని. కంప్లీషన్ పోర్టులు లేవు. ఆదివారం మధ్యాహ్నానికి మూసేశాను.

ఎక్స్‌పీ కంప్యూటర్‌ని మాత్రం నెట్‌వర్క్‌లో దాని ఇష్టానికి వదల్లేదు. అది బయటికి ఒక్క అడ్రస్‌కి, ఒక్క పోర్టుకి మాత్రమే వెళ్లగలదు, లోపలికి ఏదీ రాదు. ఆ గీత రౌటర్‌లోనే గీయించాను, ఎక్స్‌పీ ఫైర్‌వాల్‌ని నమ్ముకుని కాదు.

పెట్టిన 50వ రోజు ఉదయం లేవగానే లాగ్ తెరిచాను. టిక్‌కౌంట్ రాత్రే సున్నా దాటేసింది. దానికి ముందు రీడింగ్ ఉంది, రెండు నిమిషాల తర్వాతి రీడింగ్ ఉంది, కనెక్షన్ అదే. టీ కూడా తాగకుండా ఆ మూడు లైన్లూ టీమ్‌కి పంపాను.

మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ ఆయన ఫోన్. ఇంకోచోట ఇలాంటిదే పరికరం ఉందట, తనే ప్రోగ్రామ్ కాపీ చేసి నడిపి చూశాడట. “ఏదో డబ్బా వచ్చింది సార్, ఎన్‌కోడ్‌పాయింటర్ దొరకలేదంటోంది.”

ఆ ఫంక్షన్ ఎక్స్‌పీలోకి సర్వీస్ ప్యాక్ 2తో వచ్చింది. “మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఏముందో చదవండి” అన్నాను.

“సర్వీస్ ప్యాక్ 1 అని ఉంది సార్.”